క్యాజువాల్టీ ఉత్తరాలు: సూది గుచ్చుకున్న తరువాత

పోయిన నెల ఈ శీర్షికలో మాట వరసకు ఒక వాక్యం రాశాను: 'వాడిన సూదికి మూత తిరిగి పెట్టబోయి బొటనవేలిలో దింపుకున్న వాళ్లలో నేనూ ఒకదాన్ని.' గుండెపోటు గురించీ పాముకాటు గురించీ ఇన్నేళ్లుగా రాసిన పేజీలకు రానన్ని ఉత్తరాలు ఆ ఒక్క వాక్యానికి వచ్చాయి. సగం ఉత్తరాల చివర ఒకటే మాట: 'ఈ సంగతి ఇంకెవరికీ చెప్పలేదు.' అందుకని ఈసారి పేజీ అంతా వాటికే ఇస్తున్నాను. పేర్లు, ఊళ్లు తీసేశాను.

*ప్రశ్న: మేడమ్, నాకు 24 ఏళ్లు. క్యాజువాల్టీలో స్టాఫ్ నర్సును. రాత్రి రెండు గంటలకు రోడ్డు ప్రమాదం కేసు వచ్చింది. కాలు విరిగి నొప్పితో గింజుకుంటున్నాడు. ఇద్దరు పట్టుకుంటే నేను క్యాన్యులా (సూది సాయంతో రక్తనాళంలో పెట్టే సన్నని గొట్టం) వేశాను. రక్తం కనిపించగానే సూది బయటికి లాగాను. అంతలో ఆయన చెయ్యి విదిల్చాడు. సూది నా ఎడమ చూపుడువేలిలో దిగింది. గ్లౌజు లోపల రక్తం కనిపించింది. వేలు గట్టిగా పిండి, స్పిరిట్‌లో ముంచి, కొత్త గ్లౌజులు వేసుకుని పనిలో పడ్డాను. 'పెద్దమనిషిలా ఉన్నాడు, భార్యాపిల్లలు ఉన్నవాడు, ఏమీ కాదులే' అన్నారు సీనియర్ సిస్టర్. ఇది జరిగి నాలుగు రోజులైంది. నిద్ర పట్టడం లేదు. నాకు హెచ్‌ఐవి వస్తుందా? (హెపటైటిస్ బి టీకా చదువుకునే రోజుల్లో రెండు డోసులు వేయించుకున్నాను. మూడోది పరీక్షల హడావుడిలో తప్పిపోయింది.)*

జవాబు: అమ్మా, మీ ఈమెయిల్ చేరిన సాయంత్రమే మనం ఫోనులో మాట్లాడుకున్నాం. ఆ తరువాతి కథ కూడా రాయమని మీరే అన్నారు కాబట్టి రాస్తున్నాను.

మీరు అడిగింది హెచ్‌ఐవి గురించి. నన్ను కుర్చీలోంచి లేపింది మాత్రం మీరు చివర బ్రాకెట్లలో పెట్టిన ఆ టీకా సంగతి.

రక్తం ద్వారా అంటుకునే వైరస్‌లలో మన పనిలో లెక్కకు వచ్చేవి మూడు: హెచ్‌ఐవి, కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి, హెపటైటిస్ సి. రోగిలో ఆ వైరస్ ఉండి, ఆయనకు వాడిన సూది మనకు గుచ్చుకుంటే, హెచ్‌ఐవి సోకేది సుమారు వెయ్యికి ముగ్గురికి. హెపటైటిస్ సి నూటికి దాదాపు ఇద్దరికి సోకుతుందని చాలాకాలం చెప్పుకున్నాం. తరువాత వచ్చిన లెక్కల్లో అది వెయ్యికి ఇద్దరికి దిగింది. ఇక హెపటైటిస్ బి. టీకా రక్షణ లేని మనిషికైతే నూటికి 6 నుంచి 30 మందికి సోకుతుంది. రోగి రక్తంలో 'ఇ యాంటిజెన్' కూడా ఉంటే, అంటే వైరస్ జోరుగా పెరుగుతూ ఉంటే, ప్రమాదం ఆ పై అంచున ఉంటుంది. ఎండిపోయిన రక్తపు మరకలో కూడా ఈ వైరస్ కనీసం ఏడు రోజులు బతుకుతుంది. మనం భయపడే వరస చూడండి: హెచ్‌ఐవికి గడగడ వణుకుతాం, బి ని జ్వరమంత తేలిగ్గా తీసుకుంటాం. పైగా ఈ మూడింటిలో టీకా ఉన్నది ఆ బి కి మాత్రమే. 1980ల నుంచీ ఉంది.

అలాగని హెచ్‌ఐవి మాట కొట్టిపారేయడం లేదు. సూది గుచ్చుకున్నవారిలో ఎవరికి సోకింది, ఎవరికి సోకలేదు అని పోల్చి చూసిన ఒక పరిశోధన 1997లో వచ్చింది. ప్రమాదాన్ని పెంచేవి నాలుగని అందులో తేలింది: గాయం లోతుగా ఉండటం, సూది మీద రక్తం కంటికి కనిపించడం, ఆ సూది సరాసరి రక్తనాళంలోంచి వచ్చినది కావడం, రోగి వ్యాధి బాగా ముదిరిన దశలో ఉండటం. మీది రక్తనాళంలోంచి అప్పుడే వచ్చిన బోలు సూది. దాని మీద రక్తం ఉంది. 'ఏమీ కాదులే' అనడానికి మీ సీనియర్ సిస్టర్ దగ్గర ఉన్న ఆధారం ఆయన ముఖం ఒక్కటే.

అదే పరిశోధన ఇంకో సంగతి కూడా చెప్పింది. గుచ్చుకున్న తరువాత జిడోవుడిన్ అనే హెచ్‌ఐవి మందు వాడినవారిలో హెచ్‌ఐవి సోకే ప్రమాదం 81 శాతం తగ్గింది. ఇప్పుడు ఇస్తున్న మూడు మందుల కలయిక అంతకన్నా మెరుగు, ఒంటికి అంత కష్టమూ కాదు. 28 రోజులు వాడాలి. మొదటి మోతాదు గంటల్లోనే పడాలి, 72 గంటలు దాటితే సాధారణంగా మొదలుపెట్టరు. రెండుంబావుకు మీరు నోరు విప్పి ఉంటే మూడు కొట్టేసరికి మొదటి మాత్ర మీ కడుపులో ఉండేది. నాకు రాసేనాటికి ఆ తలుపు మూసుకుపోయింది. ఇది మిమ్మల్ని నొప్పించడానికి కాదు, ఈ పేజీని ఈ రాత్రి డ్యూటీ గదిలో చదవబోయే మరో అమ్మాయి కోసం రాస్తున్నాను.

తెరిచి ఉన్న తలుపు ఇంకొకటి ఉంది. హెపటైటిస్ బి కి, టీకాతోపాటు ఇమ్యూనోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ ఇస్తారు. టీకా వల్ల మన ఒళ్లు వైరస్‌ను ఎదుర్కొనే ప్రతిదేహాలను (యాంటీబాడీలను) తయారు చేసుకోవడానికి వ్యవధి పడుతుంది. ఈ ఇంజెక్షన్‌లో అవి సిద్ధంగా ఉంటాయి. 24 గంటల్లోపు ఇస్తే మంచిది, సూది గాయానికి ఏడు రోజుల దాకా ఇవ్వవచ్చు. మీకు అప్పటికి నాలుగు రోజులు నడిచాయి.

మర్నాడు ఉదయం మీరు ఇన్‌ఛార్జ్ సిస్టర్ గదిలోకి వెళ్లారు. తిట్లు పడతాయని చెప్పారు నాతో. ఆవిడ తిట్టలేదట, లేచి తలుపు వేసి తన వేలి మీది పాత మచ్చ చూపించారట. ప్రమాదాల రిజిస్టరులో రాశారు. మీ రక్తం తీశారు. ఆ రోజుకు మీలో ఏ వైరస్సూ లేదని రుజువు ఉండాలి కదా, రేపు ఏదైనా తేలితే అది ఉద్యోగంలో వచ్చిందని చూపడానికి అదొక్కటే కాగితం. ఆ రోగి ఎముకల వార్డులో ఉన్నాడు. డాక్టరు వెళ్లి జరిగింది చెప్పి, ఆయన ఒప్పుకున్నాక పరీక్ష చేయించారు. హెచ్‌ఐవి లేదు, సి లేదు. బి ఉంది. ఆయనకే తెలియదు.

ఆరో రోజున మీకు ఇమ్యూనోగ్లోబ్యులిన్ పడింది. కిలో బరువుకు 0.06 మిల్లీలీటరు లెక్కన, 50 కిలోల మీకు 3 మిల్లీలీటర్లు. వేరే చోట టీకా మూడో డోసు. మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టనక్కరలేదు, తప్పిపోయినది వేయించుకుంటే చాలు. ఆరు నెలలకు బి పరీక్షలు చేయించుకోండి. ప్రతిదేహాల మోతాదు కూడా అప్పుడే చూపించుకోండి. ఇంజెక్షన్‌లో వచ్చినవి అరిగిపోయాక కానీ మీ సొంతవి ఎన్నో తేలదు. మిల్లీలీటరుకు 10 మిల్లీ యూనిట్లు (లీటరుకు 10 యూనిట్లన్నా అదే) అని కాగితం మీద ఉంటుంది. అంతకు తగ్గకుండా ఉంటే చాలు. మామూలుగా మూడు డోసులు పూర్తయినవాళ్లు నెల, రెండు నెలలకే ఈ పరీక్ష చేయించుకోవచ్చు. టీకా వేయించుకున్నవాళ్లను 'పని చేసిందా?' అని అడిగి చూడండి, ఎక్కువమంది తెల్లముఖం వేస్తారు.

ఒక చిన్న మాట. వేలు పిండటం, స్పిరిట్‌లో నానబెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు, కండ నలుగుతుంది, అంతే. సబ్బు, నీళ్లు చాలు.

ఆ రోగి సంగతి కూడా చెప్పాలి. ఇప్పుడు కాలేయం డాక్టరు దగ్గరికి వెళుతున్నాడట. భార్యకూ పిల్లలకూ పరీక్షలు చేసి టీకాలు మొదలుపెట్టారు. మీరు నోరు విప్పినందువల్ల మీకన్నా ఎక్కువ లాభపడింది ఆ ఇల్లు.

నా బొటనవేలి సంగతి అడిగారు. హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో, తెల్లవారుజామున, రక్తం తీసిన సూదికి మూత పెట్టబోయాను. కుడిచేతిలో సూది, ఎడమచేతిలో మూత. అలా పెట్టకూడదని నేర్పించారు, తల ఊపి విన్నాను కూడా. మూత పక్కకు జారింది. ఎవరికీ చెప్పలేదు. ఆరు నెలలపాటు హాస్టల్ గదిలో క్యాలెండరు మీద రోజులు కొట్టేసుకుంటూ గడిపాను. వైరస్ భయం సరే, దానికన్నా 'ఈ పిల్లకు సూది పట్టుకోవడమే రాదు' అంటారన్న భయం ఎక్కువ. అదృష్టం బాగుండి బయటపడ్డాను. అందులో నా తెలివి ఏమీ లేదు.

*ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మా అమ్మ ఆస్పత్రి ఎమర్జెన్సీలో శుభ్రం చేసే పని చేస్తుంది. నెల క్రితం చెత్త సంచి ఎత్తుకుని వెళుతుంటే లోపలి సూది తొడలో దిగింది. సూపర్‌వైజరుకు చెబితే 'సంచిని ఒంటికి ఆనించుకోవడం నీ తప్పు. ఆ మందులు డాక్టర్లకూ నర్సులకూ మాత్రమే' అన్నాడు. అమ్మ ఆ సూదిని కాగితంలో చుట్టి దాచింది. దాన్ని పరీక్ష చేయించవచ్చా?*

జవాబు: ముందు సూది సంగతి. దాన్ని పరీక్షించరు. అందులో వచ్చే ఫలితాన్ని నమ్మడానికి లేదు, పరీక్షించబోయినవాళ్లకు గుచ్చుకునే ప్రమాదం అదనం. ఆస్పత్రికి తీసుకువెళ్లి వాడిన సూదులు, బ్లేడ్లు వేసే షార్ప్స్ డబ్బాలో వేయించండి. ఇంట్లో ఒక్క పూట కూడా ఉంచకండి.

ఇక ఆ సూపర్‌వైజరు. ఎవరి సూదో తెలియని గాయం, టీకా పడని మనిషి: ఇలాంటప్పుడు ఆ సూదిలో హెపటైటిస్ బి ఉందనే అనుకుని చికిత్స చేస్తారు. అంటే మీ అమ్మగారికి ఆ రోజే ఇమ్యూనోగ్లోబ్యులిన్, టీకా రెండూ పడాలి. హెచ్‌ఐవి మందులు ఇవ్వాలా వద్దా అన్నది డాక్టరు గాయాన్ని చూసి తేల్చాలి. ఆ నిర్ణయాన్ని సూపర్‌వైజరు గుమ్మం దగ్గరే తీసేసుకున్నాడు. ఆస్పత్రిలో రక్తం తగిలే అవకాశం ఉన్న ప్రతి మనిషీ ఆరోగ్య కార్యకర్తే. స్టెతస్కోపు మెడలో ఉన్నదీ లేనిదీ వైరస్ చూడదు.

ఒకటి గమనించండి. నర్సుకు ఎవరి సూది గుచ్చుకుందో తెలుస్తుంది, మీ అమ్మగారికి తెలియదు. పైగా అది ఆవిడ వాడిన సూది కాదు. మంచం పక్కన ఉన్న డబ్బా దాకా రెండడుగులు వేయలేక ఎవరో డాక్టరో నర్సో చెత్తబుట్టలో పడేసిన సూది. తప్పు ఎవరిదో సూపర్‌వైజరుకు తెలియకపోతే నేను చెబుతున్నాను: నాలాంటివాళ్లది. డబ్బా చేతికి అందేంత దూరంలో పెట్టి, ముప్పావు వంతు నిండగానే మార్చడం కూడా చేతకాని విభాగానిది.

ఇప్పుడు చేయవలసింది. ఇమ్యూనోగ్లోబ్యులిన్ గడువు దాటింది. టీకాకు గడువు లేదు, ఈ వారమే మొదటి డోసు వేయించండి, ఆ రోజు నుంచి నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. బి, హెచ్‌ఐవి పరీక్షలు ఇప్పుడు చేయించి, డాక్టరు చెప్పిన గడువుకు మళ్లీ చేయించండి. హెపటైటిస్ సి కి ముందుజాగ్రత్త మందు లేదు, టీకా లేదు. కానీ గాయమైన మూడు నుంచి ఆరు వారాల మధ్య వైరస్ ఆర్‌ఎన్‌ఏ (దాని జన్యు పదార్థం) పరీక్ష చేస్తే కనిపెట్టవచ్చు, మీ అమ్మగారు సరిగ్గా ఆ సమయంలోనే ఉన్నారు. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య ఇంకోసారి చూస్తారు. ఒకవేళ ఉన్నా బెంగపడకండి. నేను చదువుకునే రోజుల్లో దీనికి అప్పుడప్పుడే పేరు పెట్టారు. అంతకుముందు దాన్ని 'ఎ కాదు, బి కాదు' అనే పిలిచేవారు. 1989లో వైరస్‌ను గుర్తించారు, ఆ కృషికి 2020లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పుడు 8 నుంచి 12 వారాలు మాత్రలు మింగితే నూటికి 95 మందికి పైగా పూర్తిగా నయమవుతుంది.

జరిగినది కాగితం మీద రాసి, తేదీ వేసి, ఆస్పత్రిలో ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోండి. నెల ఆలస్యమైనా సరే.

*ప్రశ్న: క్యాజువాల్టీలో వైద్యాధికారిని. వచ్చిన ప్రతి రోగికీ గుమ్మంలోనే మూడు పరీక్షలూ చేసి, పాజిటివ్ అయితే మంచానికి గుర్తు కట్టేస్తే మనకీ బాధలన్నీ తప్పుతాయి కదా?*

జవాబు: డాక్టరు గారూ, రక్తం చిమ్ముతున్న మనిషి ఫలితం వచ్చేదాకా ఆగడు. అది మీకు నేను చెప్పేదేమీ కాదు. నెగెటివ్ వచ్చినా, నిన్నమొన్న సోకినవాడిలో వైరస్ ఉంటుంది, పరీక్షలో కనిపించదు. నాకు అంతకన్నా భయం మీరు కట్టే ఆ గుర్తుతోనే. గుర్తు ఉన్న మంచం దగ్గర రెండు జతల గ్లౌజులు వేసుకుంటారు, గుర్తు లేని మంచం దగ్గర వట్టి చేతులతో రక్తం తుడుస్తారు. నేను చూశాను.

1992లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రి వారు తమ ఎమర్జెన్సీకి వచ్చిన రోగుల రక్తం పరీక్షించి ఫలితాలు ప్రచురించారు. నూటికి 24 మందిలో ఈ మూడింటిలో కనీసం ఒకటి ఉంది. హెచ్‌ఐవి ఉన్నవారు 6 మంది. అంటే హెచ్‌ఐవి కోసమే వెతికితే, బి యో సి యో మోస్తున్న మిగతా 18 మంది 'శుభ్రమైనవాళ్లు'గా లోపలికి నడిచి వచ్చేవారు. ఆ అంకెలు ఆ ఊరివి, ఆ కాలానివి. మీ దగ్గర వేరేగా ఉంటాయి. కానీ ఎవరిలో ఏముందో తెలియదన్న సంగతి మాత్రం మారదు. అందుకే 1987లోనే అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం, రోగి ఎవరైనా సరే రక్తాన్ని ఒకేలా చూడమని చెప్పింది.

ఇంకో మాట. మందులు సరిగా వాడుతూ, పరీక్షలో వైరస్ దొరకనంతగా తగ్గిన హెచ్‌ఐవి రోగి, ఏ పరీక్షా చేయించుకోని 'పెద్దమనిషి' కన్నా మీకు చాలా తక్కువ ప్రమాదకరం. ఆయన నిజం చెప్పినందుకు గుర్తు కట్టి శిక్షిస్తే, తరువాత వచ్చినవాడు చెప్పడు.

*ప్రశ్న: ఛాతీలో గొట్టం వేస్తుండగా రక్తం నా కంట్లో చిమ్మింది. నేను కళ్లద్దాలు పెట్టుకుంటాను, అవి చాలవా? — హౌస్ సర్జన్*

జవాబు: చాలలేదని మీరే చెబుతున్నారుగా! పక్కలు మూసుకున్న రక్షణ అద్దాలు, లేదా ముఖానికి అడ్డు తొడుగు కావాలి. చిమ్మిన వెంటనే మంచినీళ్లతోనో సెలైన్‌తోనో కన్ను బాగా కడగాలి. కాంటాక్ట్ లెన్సులు ఉన్నవారు ముందు కడిగి, తీసేసి, మళ్లీ కడగాలి. కంటి ద్వారా హెచ్‌ఐవి సోకేది వెయ్యికి ఒకరి కంటే తక్కువే, కానీ సున్నా కాదు. కాబట్టి సూది గుచ్చుకుంటే వెళ్లే గదికే వెళ్లండి, ఆ రిజిస్టరులోనే రాయించండి. పుండు, పగుళ్లు లేని చర్మం మీద పడితే మాత్రం కడుక్కుని వదిలేయండి.

*ప్రశ్న: నా భార్య అంబులెన్సులో పని చేస్తుంది. సూది గుచ్చుకుని పది రోజుల నుంచి హెచ్‌ఐవి మందులు వాడుతోంది. వేరే గదిలో పడుకుంటోంది, మా ఐదేళ్ల పాపను ఎత్తుకోవడం లేదు. తన గ్లాసు కూడా వేరుగా పెట్టుకుంది. నేనేం చేయాలి?*

జవాబు: ముందు ఆ గ్లాసు తీసి అందరి గ్లాసుల్లో కలిపేయండి. ముద్దు పెట్టుకున్నా, ఒకే పళ్లెంలో తిన్నా, పాపను గుండెలకు హత్తుకుని పడుకోబెట్టినా హెచ్‌ఐవి అంటుకోదు. అసలు ఆమెకే అది సోకే అవకాశం వెయ్యికి మూడు, అదీ రోగిలో ఉండి, మందు వాడకపోతే. చివరి పరీక్ష తేలేదాకా కండోమ్ వాడండి, ఆమె రక్తదానం చేయకూడదు, మీ ఇద్దరి రేజర్లు వేరుగా ఉండాలి. ఇంతకు మించిన అంటూ ముట్టూ ఏమీ లేవు. ఆరు వారాలకు ఒకసారి, మూడు నాలుగు నెలల మధ్య ఒకసారి పరీక్ష ఉంటుంది. తేదీలు ఆస్పత్రిలోనే రాయించుకోండి. ఈలోగా జ్వరం, ఒంటి మీద దద్దు, మెడలో బిళ్లలు కనిపిస్తే ఆగకుండా చూపించండి.

ఆమె వాడుతున్నది డోలుటెగ్రావిర్ అయితే, ఐరన్, కాల్షియం మాత్రలూ, యాసిడిటీకి తాగే మందులూ దానితో కలపకూడదు, మందు ఒంటికి పట్టదు. అవి వేసుకోవడానికి రెండు గంటల ముందో, వేసుకున్న ఆరు గంటల తరువాతో ఈ మాత్ర పడాలి. మొదటి రెండు వారాలు కడుపులో తిప్పినట్లు ఉండవచ్చు. చాలామంది ఆపేసేది అప్పుడే, పది, పన్నెండు రోజులకు, 'ఇంత బాధ పడటం ఎందుకులే' అని. ఇంకా 18 రోజులు ఉన్నాయి. షిఫ్టులు మారే ఉద్యోగం ఆమెది, వేళ తప్పడం తేలిక. మాత్ర వేళకు అలారం మీ ఫోనులో పెట్టుకోండి.